టోల్ ఎందుకు, ఎంత, ఎన్నాళ్ళు?

కారు కొన్నప్పుడే లైఫ్ ట్యాక్స్ కట్టాం. బంకులో పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ రోడ్డు సెస్సు కడుతున్నాం. మళ్ళీ హైవే ఎక్కగానే టోల్ ఎందుకు కట్టాలి? మెదక్ పట్టణంలో కారున్న వాళ్ళను, లారీ నడిపే వాళ్ళను ఎవరిని కదిపినా ఈ ప్రశ్నే అడుగుతారు. కారు లేనివాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఆర్టీసీ బస్సు టోల్ గేటు దాటితే ఆ ఖర్చులో కొంత టికెట్‌లోనే కలిసి వస్తుంది.

ఇది కోపంతో అడిగే ప్రశ్నే అయినా చాలా మంచి ప్రశ్న. దీనికి ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పుకుంది. యూరప్ ఉత్తరాన పక్కపక్కనే ఉన్న ఫిన్లాండ్, నార్వే, డెన్మార్క్, స్వీడన్‌లనే తీసుకోండి. అన్నీ సంపన్న దేశాలే, అన్నిచోట్లా మంచు కురుస్తుంది, అన్నిటా మంచి రోడ్లున్నాయి. టోల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగూ నాలుగు దారులు పట్టాయి. ఆ దారులేమిటో చూస్తే తూప్రాన్ దగ్గరా, గుమ్మడిదల దగ్గరా మనం కట్టే డబ్బుకు అర్థం తెలుస్తుంది. ఆ డబ్బు గురించి ఎవరిని ఏమడగాలో కూడా తెలుస్తుంది.

ఒకే రోడ్డుకు మూడు చెల్లింపులు

ముందు మన చెల్లింపులను విడదీసి చూద్దాం. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ప్రభుత్వానికి పోతుంది. తెలంగాణలో ఇది కారు ధరలో 13 శాతం దగ్గర మొదలై, ధర పెరిగేకొద్దీ పెరుగుతుంది. అది రాష్ట్ర ఖజానాలో కలిసిపోతుంది. ఫలానా రోడ్డుకే ఖర్చు పెట్టాలన్న షరతేమీ ఉండదు.

పెట్రోలు, డీజిల్ మీది సెస్సు కేంద్రానిది. 2000లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన కేంద్ర రహదారి నిధికి దీన్ని మళ్ళిస్తారు. 2018లో ఆ నిధిలోకి ఇతర మౌలిక వసతులను కూడా చేర్చారు. అంటే మెదక్‌లో పోయించుకున్న లీటరు పెట్రోలు మీది సెస్సు దేశంలో ఎక్కడో ఒక రోడ్డుకో, మరో పనికో ఉపయోగపడవచ్చు.

టోల్ అలా కాదు. అది ఒక రోడ్డుకు, అందులోనూ ఒక ముక్కకు కట్టే రుసుము. మన దేశంలో రోడ్ల మీద, వంతెనల మీద సుంకం వసూలుకు 1851లోనే ఇండియన్ టోల్స్ యాక్ట్ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత జాతీయ రహదారులకు 1956లో వేరే చట్టం చేశారు. 1977 సవరణ శాశ్వత వంతెనల మీద రుసుము వసూలుకు వీలిచ్చింది. ప్రైవేటు కంపెనీలు పెట్టుబడి పెట్టి రహదారులు కట్టడానికి 1995 సవరణ తలుపు తెరిచింది. ఇప్పుడు మనం కట్టే రేట్లను మాత్రం 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు నిర్ణయిస్తున్నాయి.

బోర్డు మీది అంకెలు ఎక్కడివి?

మెదక్ నుంచి హైదరాబాద్‌కు ముఖ్యంగా రెండు దారులు. కొల్చారం, కౌడిపల్లి, నర్సాపూర్ మీదుగా వెళ్ళేది 765డి నంబరు జాతీయ రహదారి. దీని మీద గుమ్మడిదల దగ్గర టోల్ ప్లాజా ఉంది. చేగుంట వైపు వెళ్ళి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే తూప్రాన్ దగ్గర ఇంకో ప్లాజా తగులుతుంది.

ఏ ప్లాజా ముందైనా పెద్ద బోర్డు ఉంటుంది. నిలువు వరుసల్లో ఒకసారి వెళ్ళడానికి, 24 గంటల్లో తిరిగి రావడానికి, నెల పాసుకు ఎంతెంతో రాసి ఉంటుంది. అడ్డు వరుసల్లో కారు, మినీ లారీ, బస్సు, లారీ, ఆ తర్వాత ఎక్కువ ఇరుసుల బండ్లు ఉంటాయి. చూడడానికి ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు పెట్టిన అంకెల్లా కనిపిస్తాయి కానీ, వాటి వెనక ఒక లెక్క ఉంది.

నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కిలోమీటరుకు 65 పైసలు. ఇది 2007-08 నాటి మూల ధర. బస్సుకు, లారీకి 2 రూపాయల 20 పైసలు. ఏడు, అంతకన్నా ఎక్కువ ఇరుసుల భారీ వాహనానికి 4 రూపాయల 20 పైసలు. ఆ ప్లాజా కిందికి వచ్చే రోడ్డు పొడవుతో దీన్ని హెచ్చవేస్తారు. ఏటా ఏప్రిల్ 1న ఈ ధర పెరుగుతుంది. మార్కెట్లో ధరలు పెరిగినా పెరగకపోయినా 3 శాతం ఖాయం. దాని మీద టోకు ధరల సూచీ ఎంత పెరిగిందో అందులో 40 శాతం కలుపుతారు. టోకు ధరలు ఒక ఏడాది 5 శాతం పెరిగాయనుకుంటే, ఆ లెక్కన 2 శాతం కలిసి మొత్తం 5 శాతం పెంపు అవుతుంది.

రెండు వరుసల రోడ్డుకు రెండు పక్కలా గట్టి అంచులు వేసి బాగు చేస్తే, పూర్తి రేటులో 60 శాతమే తీసుకోవాలి. 765డి మీద హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు నుంచి మెదక్ దాకా ఉన్న సుమారు 63 కిలోమీటర్లు ఈ రకం రోడ్డే. మూల ధరల ప్రకారం కారుకు పూర్తి రేటు 41 రూపాయలయ్యే చోట, 60 శాతం లెక్కన 25 రూపాయల లోపే అవుతుంది. నర్సాపూర్ దారి మీద కిలోమీటరుకు పడే టోల్ 44వ నంబరు రోడ్డు కన్నా తక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఇదే బోర్డు మీద చాలామంది చదవని వరుసలు ఇంకా ఉన్నాయి. 24 గంటల్లో తిరిగి వస్తే రెండింతలు కాక ఒకటిన్నర రెట్లే కట్టాలి. నెలకు 50 సార్లు తిరిగే పాసు తీసుకుంటే మూడింట రెండు వంతులే పడుతుంది. ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ళ సొంత కారుకు స్థానిక నెల పాసు ఉంటుంది. మొదట్లో 150 రూపాయలున్న ఈ పాసు ఏటా పెరుగుతూ 350 రూపాయల దగ్గరికి చేరింది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయల వార్షిక పాసు కూడా వచ్చింది. ఏడాది గడిచేదాకా గానీ, 200 సార్లు దాటేదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు అది పనిచేస్తుంది. అప్పటి ధరకు ఒక్కో దాటుకు 15 రూపాయలన్నమాట. ఇది జాతీయ రహదారుల వరకే చెల్లుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద చెల్లదు.

స్థానిక పాసు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా గమనించాలి. 44వ నంబరు రోడ్డు మీద ఉన్నది తెరిచిన పద్ధతి. ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో ఎవరూ చూడరు. ప్లాజా దాటితే ముక్క మొత్తానికీ కట్టాలి. ప్లాజాకు అటూ ఇటూ నాలుగు కిలోమీటర్లు తిరిగే తూప్రాన్ వ్యాపారి పూర్తి టోల్ కడతాడు. ప్లాజా తగలకుండా అదే రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు పోయినవాడు పైసా కట్టడు. ఔటర్ రింగ్ రోడ్డుది మూసిన పద్ధతి. ఎక్కిన చోటు, దిగిన చోటు రెండూ నమోదవుతాయి, తిరిగిన దూరానికే డబ్బు పోతుంది. న్యాయంగా ఉంటుంది గానీ, ప్రతి దారి మొదట్లోనూ గేటు పెట్టాలి. పల్లెల మధ్య నుంచి పోయే పాత రోడ్డు మీద అది సాధ్యం కాదు.

ఖర్చు పంచుకునే దారులు

ఊళ్ళో అందరికీ ఒక ఉమ్మడి బోరు వేయించాలనుకుందాం. ఇంటింటికీ చందా వేసి వేయించవచ్చు. అప్పుడు నీళ్ళు ఎవరెన్ని పట్టుకున్నా లెక్క ఉండదు. అప్పు తెచ్చి వేయించి, బిందెకింత అని వసూలు చేసి, అప్పు తీరాక వసూలు ఆపేయవచ్చు. ఊళ్ళో మామూలు బోర్లన్నీ చందాతోనే నడిపి, గుట్ట మీద వేల అడుగులు తవ్విన ఒక్క బోరుకు మాత్రం రుసుము పెట్టవచ్చు. పొద్దున ఏడింటికి అందరూ ఒకేసారి ఎగబడుతున్నారని ఆ వేళకు రేటు పెంచవచ్చు. ఇవేవీ కాకుండా, ఒక మోతుబరి తన డబ్బుతో వేయిస్తే పంచాయతీ అతనికి ఏడాదికింత చొప్పున చెల్లించవచ్చు.

బోరు ఒకటే, నీళ్ళూ ఒకటే. భారం ఎవరి మీద పడుతుందన్నదే మారుతుంది. మొదటిది ఫిన్లాండ్ దారి, రెండోది నార్వేది, మూడోది డెన్మార్క్‌ది, నాలుగోది స్వీడన్‌ది. ఐదోది మన మెదక్ జిల్లాలోనే జరిగింది.

ఫిన్లాండ్: గేటే లేని దేశం

ఫిన్లాండ్ వైశాల్యం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన దానికన్నా ఎక్కువ. జనాభా మాత్రం 56 లక్షల దగ్గరే. హైదరాబాద్ నగర జనాభా అంతకు మించి ఉంటుంది. పొడవాటి రోడ్లు, తక్కువ బండ్లు. ఇలాంటి చోట గేట్లు కట్టి మనుషుల్ని పెడితే వసూలయ్యేదానిలో చాలా భాగం వసూలు ఖర్చుకే సరిపోతుంది. ఫిన్లాండ్ సాధారణ రోడ్ల మీద టోల్ లేదు. ఇంధనం మీద, వాహనం మీద పన్నులు వేసి, ప్రభుత్వ బడ్జెట్ నుంచే రోడ్లు వేస్తారు. రోడ్డు మధ్యలో నీళ్ళు అడ్డొచ్చిన చోట పసుపు రంగు పడవలు బండ్లను ఆవలి ఒడ్డుకు చేరుస్తాయి. వాటికీ టికెట్ లేదు, ఎందుకంటే అవి రోడ్డులో భాగమే.

అయితే ఫిన్లాండ్ కూడా ప్రైవేటు పెట్టుబడిని వాడుకుంది. యార్వెన్‌పా నుంచి లాహ్తి వరకు 1999లో పూర్తయిన మోటారు రహదారిని ఒక కంపెనీ కట్టింది. ఆ రోడ్డు మీద వాహనదారులెవరూ గేటు దగ్గర ఆగలేదు. ఎన్ని బండ్లు పోయాయో లెక్కగట్టి ప్రభుత్వమే కంపెనీకి చెల్లించింది. డ్రైవరుకు కనబడకుండా ప్రభుత్వం కట్టే ఈ పద్ధతిని నీడ టోల్ అనుకోవచ్చు. ఇంజనీర్లు దీన్ని షాడో టోల్ అంటారు.

దీనికి దగ్గరి చుట్టం మన జిల్లా మీదుగానే పోతోంది. 44వ నంబరు రహదారిలో కామారెడ్డి జిల్లా అడ్లూర్ ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్ శివారు గుండ్ల పోచంపల్లి దాకా సుమారు 103 కిలోమీటర్లను జీఎంఆర్ సంస్థ 20 ఏళ్ళ ఒప్పందం మీద నాలుగు వరుసలుగా చేసింది. 2009లో ఆ పని పూర్తయింది. అప్పట్లో దీని పేరు 7వ నంబరు రహదారి. రామాయంపేట, చేగుంట, తూప్రాన్ ఈ ముక్క మీదే ఉన్నాయి. ఇది యాన్యుటీ పద్ధతిలో కట్టిన రోడ్డు, అంటే స్థిర వాయిదాల పద్ధతి. ఇందులో కంపెనీకి జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ ఆరు నెలలకోసారి నిర్ణయించిన మొత్తం ఇస్తుంది. ఎన్ని బండ్లు తిరిగాయన్న దానితో ఆ మొత్తానికి సంబంధం లేదు. బండ్లు తగ్గితే నష్టం, పెరిగితే లాభం రెండూ ప్రభుత్వానివే.

ఫిన్లాండ్‌కూ మనకూ ఇక్కడే తేడా వస్తుంది. అక్కడ ప్రభుత్వం కంపెనీకి చెల్లించింది, వాహనదారును అడగలేదు. ఇక్కడ ప్రభుత్వం కంపెనీకి చెల్లిస్తుంది, రోడ్డు మీద టోల్ కూడా ఉంటుంది. అందుకే టోల్ గేటు కనబడగానే మనం కట్టేదంతా రోడ్డు వేసిన కంపెనీ జేబులోకే పోతుందనుకోకూడదు. ఒప్పందం ఏ రకందో చూడాలి.

నార్వే: అప్పు తీరేదాకా

నార్వే నిండా కొండలు, సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన లోతైన కయ్యలు. రోడ్డు వేయడమంటే సొరంగం తవ్వడమో, వంతెన కట్టడమో, పడవ నడపడమో. పన్నుల డబ్బు వచ్చేదాకా ఆగితే కొన్ని ఊళ్ళు తరాల తరబడి ఎదురుచూడాలి. అందుకని అక్కడ స్థానిక పాలక మండళ్ళే ముందుకొచ్చి, టోల్ కట్టడానికి మేం సిద్ధం, రోడ్డు వేయండి అని అడుగుతాయి. పార్లమెంటు ఆమోదిస్తుంది. అప్పు తెచ్చి రోడ్డు వేస్తారు. సాధారణంగా 15 ఏళ్ళ పాటు టోల్ వసూలు చేసి అప్పు తీరుస్తారు. వసూలు చేసే సంస్థలు ప్రాంతీయ ప్రభుత్వాల చేతిలో ఉంటాయి, లాభం కోసం పనిచేయవు.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. చిన్న చిన్న దీవులను వంతెనలతో కలుపుతూ సముద్రం అంచున సాగే అట్లాంటిక్ రోడ్డును 1989లో తెరిచారు. 15 ఏళ్ళు టోల్ ఉంటుందనుకున్నారు. బండ్లు అనుకున్నదానికన్నా ఎక్కువ రావడంతో 1999కే అప్పు తీరిపోయింది, టోల్ ఎత్తేశారు. పడమటి దిక్కున ఉన్న ఐస్‌లాండ్‌లోనూ ఇదే జరిగింది. వాల్‌ఫ్యోర్దుర్ కయ్య కింద 1998లో తెరిచిన సొరంగానికి 20 ఏళ్ళు రుసుము తీసుకున్నారు. 2018 సెప్టెంబరులో అప్పు తీరగానే వసూలు ఆపి, సొరంగాన్ని ప్రభుత్వానికి అప్పగించారు.

నార్వే నగరాల చుట్టూ కూడా టోల్ వలయాలు వెలిశాయి. బెర్గెన్‌లో 1986లో, ఓస్లోలో 1990లో, ట్రాన్‌హైమ్‌లో 1991లో మొదలయ్యాయి. వాటితో మొదట రోడ్లు, సొరంగాలు కట్టారు. తర్వాత బస్సులకు, ట్రాములకు, సైకిలు దారులకు కూడా ఆ డబ్బు వాడారు. ఒక పథకం ముగిసేసరికి ఇంకోటి మొదలవడంతో జనానికి విసుగొచ్చింది. 2019 స్థానిక ఎన్నికల్లో టోల్‌ను వ్యతిరేకించడమే ప్రధాన ఎజెండాగా పెట్టుకున్న పార్టీకి బెర్గెన్‌లో ఆరింట ఒక వంతు ఓట్లు పడ్డాయి. అంత క్రమశిక్షణగా నడిచిన చోట కూడా, ముగింపు కనబడకపోతే జనం ఊరుకోరు.

మన దగ్గర ముగింపు సంగతేమిటి? ప్రభుత్వ డబ్బుతో కట్టిన రోడ్ల మీద పెట్టుబడి తిరిగొచ్చాక రుసుము 40 శాతానికి తగ్గాలని 2008 నిబంధనల్లో ఉండేది. 2023 సవరణతో ఆ తగ్గింపు పోయింది. ఔటర్ రింగ్ రోడ్డుది ఇంకో దారి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద 30 ఏళ్ళ పాటు టోల్ వసూలు చేసుకునే హక్కును 2023లో ఐఆర్‌బీ సంస్థకు 7,380 కోట్ల రూపాయలకు ఇచ్చారు. కట్టేసిన రోడ్డు మీద రాబోయే రాబడిని ముందే ఒక్క మొత్తంగా తీసుకోవడం ఇది. ప్రభుత్వానికి వెంటనే డబ్బు చేతికొస్తుంది. వాహనదారుకు మాత్రం 30 ఏళ్ళ టోల్ ఖాయమవుతుంది. నార్వేలో టోల్ గతంలో చేసిన అప్పును తీరుస్తుంది, ఇక్కడ భవిష్యత్తు టోల్ ఈనాటి అవసరాన్ని తీరుస్తోంది.

డెన్మార్క్: సముద్రం మీద వంతెనకు, లారీ ఇరుసుకు

డెన్మార్క్‌లో కారు వేసుకుని మామూలు రహదారుల మీద ఎంత దూరమైనా ఉచితంగా పోవచ్చు. రుసుమంతా సముద్రం మీది పెద్ద వంతెనల దగ్గరే. స్టోర్‌బెల్ట్ జలసంధి మీద 18 కిలోమీటర్ల దారిని 1998లో తెరిచారు. అందులో వేలాడే వంతెన స్తంభాల మధ్య దూరమే 1,624 మీటర్లు. ఒక్కసారి దాటడానికి కారుకు 200 డేనిష్ క్రోనర్లకు పైగానే పడుతుంది, అంటే మన డబ్బులో రెండున్నర వేల రూపాయలకు పైమాటే. స్వీడన్‌తో కలిపే ఓరెసుండ్ వంతెన 2000లో తెరుచుకుంది. దాన్నీ రెండు ప్రభుత్వాల సంస్థ అప్పు తెచ్చి కట్టి, దాటేవాళ్ళ దగ్గర వసూలు చేస్తోంది. జనం దీన్ని ఒప్పుకోవడానికి కారణం ఉంది. వంతెన రాకముందు కూడా వాళ్ళు ఓడకు టికెట్ కొనేవాళ్ళు.

లారీల విషయంలో డెన్మార్క్ 2025 జనవరి 1 నుంచి కొత్త పద్ధతి తెచ్చింది. భారీ లారీలు తిరిగిన ప్రతి కిలోమీటరుకూ కట్టాలి. రేటు బండి బరువును బట్టి, అది వదిలే కర్బన వాయువును బట్టి మారుతుంది. లారీలనే ఎందుకు పట్టుకున్నారన్నది తెలియాలంటే రోడ్డు ఎలా పాడవుతుందో చూడాలి.

1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఇంజనీర్లు ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువుల లారీలను రెండేళ్ళ పాటు తిప్పారు. తేలిందేమిటంటే, ఒక ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలవుతుంది. రెండును నాలుగుసార్లు హెచ్చవేస్తే, అంటే నాలుగో ఘాతం తీస్తే, వచ్చేది పదహారు. ఇదే లెక్కను మన బండ్లకు వేద్దాం. కారు ఇరుసు మీద ఒక టన్ను కన్నా తక్కువే ఉంటుంది. వడ్లు నింపుకుని మిల్లుకు పోయే లారీ వెనక ఇరుసు మీద పది టన్నులు ఉండవచ్చు. బరువు పదింతలు, నష్టం పదివేల రెట్లు. మన బోర్డు మీద లారీ టోల్ కారుకన్నా సుమారు మూడున్నర రెట్లే. కారు మనిషి లారీ భారంలో కొంత మోస్తున్నాడన్నమాట. లారీ టోల్ పదివేల రెట్లు చేయలేం, ఎందుకంటే ఆ లారీ మోసేది మనం తినే బియ్యమే. కానీ ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇందులోనే ఇంకో పాఠం ఉంది. ఇరవై టన్నుల్ని రెండు ఇరుసుల మీద మోస్తే జరిగే నష్టంలో, అదే బరువును నాలుగు ఇరుసుల మీద మోస్తే ఎనిమిదో వంతే జరుగుతుంది. ఇరుసులు పెరగడం రోడ్డుకు మేలు. చెడుపు చేసేది ఒక్కో ఇరుసు మీద పడే అదనపు బరువు. నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును 2018లో మన దేశం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెంపు ఎనిమిదో వంతే అయినా, నాలుగో ఘాతం లెక్కన ఆ ఇరుసు చేసే నష్టం సగానికి పైగా పెరుగుతుంది. ఓవర్‌లోడ్ లారీని ఆపడం రోడ్డును కాపాడే పనుల్లో మొదటిది.

స్వీడన్: రద్దీ వేళకు రేటు

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ రోడ్డు ఖర్చు కోసం కాకుండా రద్దీ తగ్గించడం కోసం డబ్బు అడిగింది. 2006 జనవరి 3న ప్రయోగం మొదలుపెట్టి జూలై చివరిదాకా నడిపింది. నగరం మధ్యలోకి రావడానికీ, పోవడానికీ వేళను బట్టి 10, 15, 20 క్రోనర్లు. రాత్రులు, శని, ఆదివారాలు ఉచితం. ప్రయోగానికి ముందు ఎక్కువమంది వ్యతిరేకించారు. ఫలితం కళ్ళారా చూశాక చాలామంది మనసు మార్చుకున్నారు. సెప్టెంబరులో జరిగిన ఓటింగులో నగరవాసులు స్వల్ప ఆధిక్యంతో అవునన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. చట్టం దృష్టిలో అది టోల్ కాదు, రద్దీ పన్ను.

నగరం అంచు దాటే బండ్లు సుమారు ఐదో వంతు తగ్గాయి. రోడ్ల మీద ఆగిపోయే సమయం మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గింది. ఎలా? ఒక వరుసలో గంటకు సుమారు 2,000 బండ్లు సాఫీగా పోగలవు. 2,100 వస్తే మిగిలిన 100 బండ్లు క్యూ కడతాయి. తర్వాతి గంటలో కూడా 2,100 వస్తే ఆ క్యూ 200 అవుతుంది. ఏ గంటలోనూ ఆ అదనపు వంద బండ్లు లేకపోతే క్యూ పుట్టనే పుట్టదు. రద్దీ చివరి కొద్దిమంది వల్ల వస్తుంది. వాళ్ళలో కొందరు ఒక గంట ముందో, వెనకో బయల్దేరితే అందరి సమయమూ మిగులుతుంది. సంక్రాంతి ముందు విజయవాడ దారిలో పంతంగి టోల్ ప్లాజా దగ్గర నిలిచిపోయిన వాళ్ళందరూ ఈ సూత్రాన్ని ఒళ్ళంతా అనుభవించారు.

గోథెన్‌బర్గ్‌లో కథ వేరుగా సాగింది. 2013లో అక్కడా ఇదే పన్ను పెట్టారు. 2014 ఓటింగులో జనం వద్దన్నారు. అయినా రైలు, రోడ్డు పనులకు ఆ డబ్బు మీదే ఆధారపడడంతో కొనసాగించారు. ఒకే దేశంలో, ఒకే పన్నుకు, అడిగిన కారణం మారితే జనం జవాబు మారింది.

చిప్పు, కెమెరా, అడ్డుగేటు

నార్వేలో, స్వీడన్ నగరాల్లో రోడ్డుకు అడ్డంగా గేట్లుండవు. నార్వే కార్ల అద్దానికి ఒక చిన్న పెట్టె ఉంటుంది. పైనున్న యంత్రం దాన్ని గుర్తుపడుతుంది. పెట్టె లేని బండి నంబరు ప్లేటును కెమెరా చదువుతుంది, బిల్లు ఇంటికొస్తుంది. స్టాక్‌హోమ్‌లో కెమెరాలతోనే పని జరిగిపోతుంది.

మన ఫాస్టాగ్ స్టిక్కర్‌లో బ్యాటరీ ఉండదు. గేటు పైనున్న రీడరు పంపే రేడియో తరంగాల నుంచే ఆ చిప్పు తనకు కావలసిన కొద్దిపాటి శక్తిని తీసుకుని, తన నంబరు చెబుతుంది. ఆ నంబరు ఏ బ్యాంకు ఖాతాదో జాతీయ చెల్లింపుల సంస్థ వెతికిపెడుతుంది, డబ్బు కటవుతుంది, గేటు లేస్తుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఇది తప్పనిసరి అయింది. ట్యాగ్ లేకుండా నగదు ఇస్తే రెండింతలు కట్టాలన్నారు. 2025 నవంబరు 15 నుంచి ట్యాగ్ లేకపోయినా యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లతో సరిపోతోంది.

గేటు ఎత్తేయడానికి చిప్పు ఒక్కటే చాలదు. డబ్బు కట్టకుండా పోయిన బండి యజమాని చిరునామా సరిగ్గా ఉండాలి, నంబరు ప్లేటు చదివేలా ఉండాలి, బిల్లు వసూలయ్యే యంత్రాంగం ఉండాలి. మన దగ్గర కూడా ఆ పని మొదలైంది. 2025లో గుజరాత్‌లోని చోర్యాసీలో, హర్యానాలోని ఘరౌండాలో అడ్డుగేటు లేని టోల్‌కు ఒప్పందాలు కుదిరాయి. ఆ ఘరౌండా మన తూప్రాన్ మీదుగా పోయే 44వ నంబరు రోడ్డు మీదే ఉంది.

కరెంటు బండ్లు వస్తే?

నార్వే 1997లో కరెంటు కార్లకు టోల్ తీసేసింది. వాటి సంఖ్య పెరిగాక రాబడి పడిపోవడంతో మళ్ళీ కొంత రుసుము పెట్టాల్సి వచ్చింది. ఐస్‌లాండ్ 2024 నుంచి కరెంటు కార్ల దగ్గర తిరిగిన కిలోమీటరు లెక్కన వసూలు మొదలుపెట్టింది. ఇంధనం పోయించుకోని బండి ఇంధనం పన్ను కట్టదు కదా.

ఇది మనకూ దూరం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కరెంటు వాహనాలకు 2026 డిసెంబరు చివరిదాకా లైఫ్ ట్యాక్స్ లేదు. పెట్రోలు సెస్సు ఎలాగూ లేదు. మనం మొదట చెప్పుకున్న మూడు చెల్లింపుల్లో ఆ కారుకు మిగిలేది టోల్ ఒక్కటే. కరెంటు బండ్లు పెరిగేకొద్దీ రోడ్ల ఖర్చులో టోల్ వాటా పెరగక తప్పదు. కాబట్టి టోల్ న్యాయంగా ఉండడం రాబోయే కాలంలో ఇప్పటికన్నా ముఖ్యమవుతుంది.

ప్రతి ప్లాజా దగ్గర మూడు ప్రశ్నలు

నాలుగు దేశాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే టోల్ ఉండడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. ఫిన్లాండ్‌కు టోల్ లేకపోవడం సరిపోయింది. నార్వేలో టోల్ లేకపోతే కొన్ని ఊళ్ళకు రోడ్డే ఉండేది కాదు. జనం ఒప్పుకున్న ప్రతిచోటా ఒకటి కనిపిస్తుంది: ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పారు, చెప్పిన పనికే వాడారు. అప్పు తీర్చడానికని పెట్టిన చోట అప్పు తీరగానే ఆపారు. జనం ఎదురు తిరిగిన చోట చాలాసార్లు వీటిలో ఏదో ఒకటి తప్పింది.

కాబట్టి మెదక్ నుంచి ఏ దారిన వెళ్ళినా, ప్లాజా దగ్గర మనం అడగాల్సినవి మూడు. ఈ టోల్ ఎందుకు? ఎంత ఖర్చుకు ఎంత వసూలైంది? ఎన్నాళ్ళు? వీటికి జవాబులు రహస్యం కాదు. ప్రతి ప్లాజాకు గెజిట్ ప్రకటన ఉంటుంది. అందులో ఏ ముక్కకు, ఎంత పొడవుకు, ఏ రేటు అన్నది రాసి ఉంటుంది. అందులో లేనిది 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో రహదారుల సంస్థను అడగవచ్చు. పంచాయతీ సభ్యుడు అడగవచ్చు, లారీ యజమానుల సంఘం అడగవచ్చు, రోజూ బస్సెక్కే విద్యార్థి కూడా అడగవచ్చు. టోల్ కట్టే ప్రతి మనిషికీ ఆ లెక్క చూసే హక్కుంది. ఆ లెక్క అడిగేవాళ్ళు పెరిగితేనే, టోల్ ఎన్నాళ్ళన్న ప్రశ్నకు ఇక్కడ కూడా ఒక తేదీతో జవాబు వస్తుంది.